చిన్న తూటా, పెద్ద అనుమానం



తూటా అనే మాటను మనం కొంచెం వదులుగా వాడుతుంటాం. 'తూటా తగిలింది' అంటాం, 'తూటాలు దొరికాయి' అంటాం. నిజానికి ఈ రెండూ ఒకటి కావు. తగిలేది గుండు మాత్రమే. దొరికేది మొత్తం తూటా. అందులో నాలుగు భాగాలుంటాయి. పైన ముక్కులాగా వుండేది గుండు. కింద ఇత్తడి గొట్టం. గొట్టం లోపల మందు. గొట్టం అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ. ట్రిగ్గరు నొక్కగానే సూది ఆ టోపీని కొడుతుంది, మందు అంటుకుంటుంది, పుట్టిన వాయువు గుండును గొట్టంలోంచి ముందుకు నెడుతుంది. ఈ నాలుగు భాగాలనూ కాస్త గుర్తుపెట్టుకోండి. ఈనాటి ప్రసంగమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో తుపాకితో మనకున్న పరిచయం తక్కువే. పంట మీదికి వచ్చే అడవిపందులను బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్న రైతు ఇంట్లో ఒక పాత గొట్టం వుంటుంది. ఎలక్షను వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకెళ్ళి పోలీసు స్టేషనులో అప్పగించి రావడం ఆయనకొక పని. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరిన పిల్లలు పాయింట్ ట్వంటీటూ రైఫిలుతో ఐదో పదో తూటాలు కాల్చి వుంటారు. ఇక విదురాశ్వత్థం పేరు చెబితే, 1938 ఏప్రిల్ 25న జెండా కోసం చేరిన జనం మీద పోలీసులు కాల్చిన సంగతి పెద్దలకు గుర్తుకొస్తుంది. అక్కడ స్మారకం ఇప్పటికీ వుంది. తుపాకికి ఎదురుగా నిలబడడం ఎట్లా వుంటుందో మన జిల్లా ఆనాడే చూసింది.

ఇవి కాక నాలుగో పరిచయం ఒకటుంది. సైన్యంలో చేరిన మన ఊళ్ళ కుర్రాళ్ళు. బెంగుళూరు అలసూరులోని మద్రాస్ సాపర్స్ కేంద్రం మనకు దగ్గరే. మద్రాస్ రెజిమెంటులో తెలుగువాళ్ళూ కన్నడిగులూ పక్కపక్కనే పడుకుంటారు, పక్కపక్కనే కాలుస్తారు. వాళ్ళు సెలవు మీద వచ్చినప్పుడు బస్టాండు టీ అంగళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. 'మేష్ట్రే, మా కాలంలో త్రీనాట్‌త్రీ అంటే ఒక్క గుండుకు మనిషి పడాల్సిందే. ఇప్పుడిచ్చే సన్న గుండుతో ఏమవుతుంది?' ఇది రిటైరయిన హవల్దార్ల మాట. ఇంట్లో తల్లి ఈ మాట వింటే ఏమవుతుందో ఆలోచించండి. కొడుకు చేతిలో వున్న ఆయుధం పనికిరానిదేమో అనే భయం ఆమెను రాత్రంతా నిద్రపోనివ్వదు.

అందుచేత ఈ సన్న గుండు మీద కాల్చేవాళ్ళు ఏమంటున్నారు, అందులో ఏది నిజం, ఏది అలవాటు, ఏది వేరొకదాని తప్పు అన్నది ఈవేళ కాస్త విడదీసి చూద్దాం.

మొదట బడిపిల్లలకు కూడా తెలిసిన కథతో మొదలుపెడదాం. 1857 జనవరి. కలకత్తా దగ్గర డమ్ డమ్ అనే చోట ఈస్టిండియా కంపెనీ సిపాయిలకు కొత్త ఎన్‌ఫీల్డు రైఫిలు నేర్పుతున్నారు. అంతకుముందు వాళ్ళ చేతుల్లో వున్న బ్రౌన్ బెస్ మస్కెట్టు గొట్టం వెడల్పు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. కొత్తదాని వెడల్పు 0.577 అంగుళం, 15 మిల్లీమీటర్ల లోపే. గొట్టం లోపల మెలికల గాడులున్నాయి కాబట్టి గుండు తిరుగుతూ సూటిగా పోతుంది. పాత మస్కెట్టు నూరు గజాలు దాటితే ఎవరికి తగులుతుందో దైవానికే తెలియాలి. కొత్తది దానికి ఎన్నో రెట్ల దూరంలో గురి చూడగలదు. అంటే ఆయుధంగా చూస్తే అది మేలైన సరుకే.

మరి సిపాయిలు ఎందుకు తిరగబడ్డారు? తూటా సన్నబడిందని ఎవరూ అనలేదు. అప్పటి తూటాకు ఇత్తడి గొట్టం లేదు. కాగితపు పొట్లంలో మందూ గుండూ వుండేవి. ఆ పొట్లాన్ని పళ్ళతో చింపాలి. దాని కొసకు పూసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం హిందువునూ ముసల్మానునూ ఒకేసారి పట్టుకుంది. మన పాఠంలో దీన్ని ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతాం. తిరుగుబాటుకు రాజ్యాల ఆక్రమణ, జీతాలు, పన్నులు, ఇంకా ఎన్నో కారణాలున్నాయి, అవి అలా వుంచండి. నేను ఇక్కడ చూడమనేది ఒక్క సంగతి. కాల్చేవాడు కొత్త తూటాను కాదన్నప్పుడు, అతను దేన్ని కాదంటున్నాడో పై అధికారి సరిగ్గా తెలుసుకోలేదు. కొవ్వు గురించి అడిగితే క్రమశిక్షణ గురించి జవాబు చెప్పాడు.

ఇక అసలు కథకు వద్దాం. సరిగ్గా అదే డమ్ డమ్‌లో, నలభై ఏళ్ళ లోపల.

1880ల దాకా ఆంగ్ల సైనికుడి చేతిలో మార్టినీ హెన్రీ రైఫిలుండేది. దాని గుండు 0.45 అంగుళం లావు, 31 గ్రాముల బరువు, మెత్తటి సీసం. కాల్చినప్పుడు భుజం వాచిపోయేంత తన్ను. సైనికులు దాన్ని తిట్టుకునేవాళ్ళు, కానీ నమ్మేవాళ్ళు. 1888లో దాని స్థానంలో 0.303 అంగుళం తూటా వచ్చింది. మిల్లీమీటర్లలో 7.7. ఇదే తరువాత మన త్రీనాట్‌త్రీ అయింది. గుండు బరువు 14 గ్రాములకు పడిపోయింది, సీసం మీద గట్టి లోహపు తొడుగు వచ్చింది. వేగం బాగా పెరిగింది. తన్ను తగ్గింది. అదే బరువుకు రెట్టింపు దగ్గర తూటాలు మోయవచ్చు.

1895లో వాయవ్య సరిహద్దులో చిత్రాల్ కోట ముట్టడిలో పడింది. దాన్ని విడిపించడానికి వెళ్ళిన సేన మలకండ్ కనుమ దగ్గర పఠాను తెగలతో పోరాడింది. అక్కడినుంచి తిరిగివచ్చిన సైనికుల ఫిర్యాదు ఏమిటో తెలుసా? 'గుండు తగిలినా మనిషి ఆగడంలేదు. సూది గుచ్చినట్టు అటునుంచి ఇటు దూరిపోతోంది. తగిలినవాడు కత్తి పట్టుకుని ఇంకా మీదికి వస్తున్నాడు.'

టీ అంగట్లో మన హవల్దారు 'ఒక్క గుండుకు మనిషి పడాల్సిందే' అని పొగిడే త్రీనాట్‌త్రీని గురించే ఈ ఫిర్యాదు! అది కొత్తగా వచ్చినప్పుడు దాన్ని కాల్చినవాళ్ళు సన్న గుండు, పనికిరాని గుండు అన్నారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. కానీ తరువాత జరిగింది నవ్వే విషయం కాదు.

ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. గట్టి తొడుగున్న గుండు మెత్తటి సీసంలాగా ఒంట్లో విచ్చుకోదు. నేరుగా దూరిపోయే అవకాశం ఎక్కువ. దానికి డమ్ డమ్ ఆయుధ కర్మాగారం అధికారి కెప్టెన్ నెవిల్ బెర్టీ క్లే ఒక విరుగుడు కనిపెట్టాడు. గుండు కొస దగ్గర తొడుగు తీసేసి, లోపలి సీసాన్ని కొద్దిగా బయటికి వదిలాడు. ఒంటికి తగలగానే ఆ కొస విచ్చుకుని పువ్వులా పరుచుకుంటుంది. లోపలికి పోయేటప్పుడు చిన్న రంధ్రం, లోపల ఘోరమైన గాయం. డమ్ డమ్ గుండు అని లోకమంతటా పేరుపడింది. 1897-98లో తీరా ప్రాంతపు యుద్ధంలో దాన్ని వాడారు. కలకత్తా శివారులోని ఒక పేట పేరు ఇట్లాంటి పనితో ప్రపంచ నిఘంటువులకెక్కడం ఆ పేటకు గర్వకారణమేమీ కాదు.

1899లో హేగ్ నగరంలో దేశాలన్నీ సమావేశమైనప్పుడు ఈ విచ్చుకునే గుండ్ల మాట వచ్చింది. మనిషి ఒంట్లో సులభంగా విచ్చుకునే, చదునయ్యే గుండ్లు యుద్ధంలో వాడకూడదని ప్రకటన చేశారు. బ్రిటిషు ప్రతినిధి జాన్ ఆర్డా దానికి అడ్డుచెప్పాడు. నాగరిక దేశాల సైనికుడు ఒక గుండు తగిలితే ఆగిపోతాడు, ఆటవికులు ఆగరు, కాబట్టి వలస రాజ్యాల్లో మాకిది కావాలి అన్నది ఆయన వాదన. ఆ ఆటవికుల లెక్కలో మన దేశపువాళ్ళూ వున్నారని వేరే చెప్పనక్కరలేదు. బ్రిటన్ ఆ ప్రకటనకు ఒప్పుకున్నది 1907లో. తరువాత 1910లో కొస మొనదేలిన కొత్త గుండును త్రీనాట్‌త్రీకి అమర్చారు. 11 గ్రాముల పైచిలుకు బరువు, సెకనుకు 744 మీటర్ల వేగం. రెండు ప్రపంచ యుద్ధాలూ దానితోనే నడిచాయి. అప్పటికి సన్న గుండు అనే మాట అందరూ మరచిపోయారు.

కాల్చేవాడి మాట అక్షరాలా నమ్మి తొందరపడితే ఏమవుతుందో డమ్ డమ్ కథలో వుంది. అతని మాట వినకపోతే ఏమవుతుందో 1857 కథలో వుంది. రెండూ ఒకే చోట జరగడం విచిత్రం.

ఇక మన కాలానికి వద్దాం. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు మన జవాను చేతిలో వున్నది అదే త్రీనాట్‌త్రీ. పది తూటాలు పడతాయి, ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగాలి. ఎదుటివాళ్ళ దగ్గర ఆటోమేటిక్ ఆయుధాలున్నాయి. ఆ తరువాత మన ఇషాపూరు రైఫిల్ ఫ్యాక్టరీ ఎస్.ఎల్.ఆర్. అనే 7.62 రైఫిలు తయారుచేసింది. ప్రతిసారీ బోల్టు లాగనక్కరలేదు, ఇరవై తూటాల మ్యాగజీను. 1971 యుద్ధంలో అది మంచి పేరు తెచ్చుకుంది. కానీ 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో మన శాంతిసేన అడవుల్లో తిరిగినప్పుడు దాని పొడవూ బరువూ ఇబ్బంది పెట్టాయి. ఎదుట ఎల్.టి.టి.ఇ. వాళ్ళ చేతుల్లో పొట్టి ఏకే తుపాకులు. అడవిలో ఇరవై అడుగుల దూరంలో ఎదురుపడినప్పుడు ఎనిమిది వందల మీటర్ల దాకా పోయే గుండుతో ఏం లాభం?

ఈ లెక్కను అమెరికావాళ్ళు 1952లోనే కట్టారు. నార్మన్ హిచ్‌మన్ అనే పరిశోధకుడు యుద్ధాల్లో గాయాల వివరాలు పరిశీలించి, రైఫిలు కాల్పులు ఎక్కువగా ఫలించేది మూడు వందల గజాల లోపలే అని తేల్చాడు. అయితే అంత పెద్ద గుండు ఎందుకు? చిన్న గుండును చాలా వేగంగా పంపితే సరిపోదా? ఈ ఆలోచన నుంచే 5.56 మిల్లీమీటర్ల తూటా పుట్టింది. 1980లో నాటో దేశాలు దాన్ని ప్రమాణంగా తీసుకున్నాయి. మన దేశంలో పూణేలోని ఆయుధ పరిశోధన సంస్థ ఇదే తూటాకు ఇన్సాస్ రైఫిలును రూపొందించింది. 1990లలో అది సైన్యానికి అందింది, 1998 గణతంత్ర దినోత్సవ కవాతులో జనం చూశారు.

ఇప్పుడు కాస్త లెక్కలు చేద్దాం. భయపడకండి, హైస్కూలు లెక్కలే.

పాత 7.62 తూటా మొత్తం బరువు సుమారు 24 గ్రాములు. కొత్త 5.56 తూటా 12 గ్రాములు. మన పాత కొలతలో చెప్పాలంటే అది రెండు తులాలు, ఇది ఒక తులం. కొత్త తూటాలో గుండు మాత్రం చూస్తే నాలుగు గ్రాములు. శిడ్లఘట్ట మార్కెట్టులో రాశిపోసే పట్టుగూళ్ళున్నాయి చూడండి, సుమారు రెండు మూడు గూళ్ళ బరువు. చేతిలో పెట్టుకుంటే వున్నట్టే తెలియదు. 'దీనితోనా యుద్ధం చేసేది?' అని పాతకాపులు అనడంలో వింత లేదు.

దానికి తోడు మన కుర్రాళ్ళు ఎన్.సి.సి.లో కాల్చిన ట్వంటీటూ తూటా గుండు లావు కూడా దాదాపు ఇంతే. ఐదున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అది పాతిక మీటర్ల దూరంలో అట్టకు కన్నం పెడుతుంది, అంతే. 'అదీ ఇదీ ఒకటే సైజు కదా సార్' అని నా విద్యార్థులే అడిగారు. లావు ఒకటే, కానీ వేగం ఒకటి కాదు. ట్వంటీటూ గుండు సెకనుకు 330 మీటర్ల వేగంతో పోతుంది. 5.56 గుండు 900 మీటర్లు దాటి పోతుంది. శక్తి అనేది బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. వర్గం అన్నమాట మరవకండి. వేగం మూడింతలయితే శక్తి తొమ్మిదింతలవుతుంది. ట్వంటీటూ గుండు శక్తి సుమారు 140 జౌళ్ళు. 5.56 గుండుది 1,600 పైన. పదింతలు మించిపోయింది. లావు చూసి బలం చెప్పడం కుదరదు.

ఎస్.ఎల్.ఆర్. గుండు మాటేమిటి? తొమ్మిదిన్నర గ్రాములు, సెకనుకు 840 మీటర్లు, శక్తి 3,300 జౌళ్ళ పైమాటే. అంటే కొత్త గుండు బలం పాతదాంట్లో సగం. ఇది దాచవలసిన సంగతి కాదు. హవల్దారు అన్నమాటలో ఈ సగం నిజం. కానీ ఆ సగం బలం ఇచ్చుకుని ఏం కొనుక్కున్నామో కూడా చూడాలి.

మొదటిది బరువు. నూరు పాత తూటాలు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. నూరు కొత్త తూటాలు కిలో రెండు వందలు. ఒకటింబావు కిలో ఒక లెక్కా అంటారా? మన నందికొండ ఎత్తు 4,850 అడుగులు. దాన్ని చేతులూపుకుంటూ ఎక్కితేనే మనకు ఆయాసం. 1999లో ద్రాస్ దగ్గర తోలోలింగ్ ఎక్కిన జవాన్లు 15 వేల అడుగుల పైన, రాత్రిపూట, చలిలో, పైనుంచి కాల్పులు వస్తుండగా ఎక్కారు. అక్కడ ప్రతి వంద గ్రాములూ ఒక లెక్కే. అదే బరువుకు రెట్టింపు తూటాలు వెంట వుంటాయి.

రెండోది తన్ను. బోరు నీళ్ళ పైపు చేత్తో పట్టుకున్నవాళ్ళకు తెలుసు, నీళ్ళు ముందుకు దూకితే పైపు వెనక్కి తోస్తుంది. గుండు కూడా అంతే. బరువునూ వేగాన్నీ గుణిస్తే ఆ తోపు తెలుస్తుంది. పాతదానితో పోలిస్తే కొత్త గుండు తోపు సగంకంటే తక్కువ. తన్ను తగ్గితే రెండో గుండు కూడా గురి తప్పదు. కొత్తగా చేరిన సన్నపాటి కుర్రాడు కళ్ళు మూసుకోకుండా కాలుస్తాడు. కొత్త తూటాను మెచ్చుకున్న జవాన్లు మొట్టమొదట మెచ్చుకున్నది దీన్నే. దగ్గరి దూరాల్లో గుండు వంగకుండా సూటిగా పోవడం రెండోది.

మరి కార్గిల్‌లో ఇన్సాస్ మీద వచ్చిన ఫిర్యాదులు? అవి పత్రికల్లో వచ్చాయి, పార్లమెంటు దాకా వెళ్ళాయి. కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా చూడండి. చలికి మ్యాగజీను పగిలిపోయింది. మ్యాగజీను ప్లాస్టిక్కుది, తప్పు దానిది. మూడు గుండ్లు పోవాలని పెడితే ఆగకుండా పోయాయి. తప్పు ట్రిగ్గరు యంత్రానిది. కాల్చినప్పుడు నూనె చిమ్మి కళ్ళల్లో పడింది. ఇదీ రైఫిలుదే. మధ్యలో ఇరుక్కుపోయింది. ఇది ఎక్కువగా యంత్రానిది, కొంత శుభ్రతది. ఇందులో 5.56 తూటా కొలత చేసిన నేరం ఎక్కడుంది? తరువాతి నమూనాల్లో వీటిలో కొన్నింటిని సరిదిద్దారు. కానీ 'సన్న తూటా పనికిరాదు' అన్న మాట మాత్రం జనం నోళ్ళలో వుండిపోయింది.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2005 ఆగస్టులో నేపాల్‌లో కాలీకోట్ జిల్లాలో మావోయిస్టులతో జరిగిన పోరులో 43 మంది నేపాలీ సైనికులు చనిపోయారు. గంటల తరబడి కాల్చేసరికి మన దేశం ఇచ్చిన ఇన్సాస్‌లు మొరాయించాయని నేపాల్ సైన్యం ప్రకటించింది. సరిగ్గా వాడలేదని మనవాళ్ళన్నారు. 2014లో మన సి.ఆర్.పి.ఎఫ్. కూడా ఇన్సాస్ ఇరుక్కుపోతోందని, దాని బదులు ఏకే రైఫిళ్ళు ఇమ్మని అడిగింది. ఇరుక్కుపోయే రైఫిలు చేతిలో పెట్టుకున్నవాడికి తూటా పెద్దదైనా చిన్నదైనా ఒకటే. తప్పు తూటా మీదికి నెట్టేస్తే రైఫిలు తయారుచేసినవాళ్ళు తప్పించుకుంటారు. నా బాధ అక్కడే.

అయితే తూటాను పూర్తిగా వెనకేసుకు రావడం కూడా న్యాయం కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులకు ఇదే లావు తూటాతో ఎం-16 రైఫిలు ఇచ్చారు. 1966, 67 సంవత్సరాల్లో అది అడుగడుగునా ఇరుక్కుపోయింది. చనిపోయిన సైనికుల పక్కన విప్పి శుభ్రం చేస్తున్న రైఫిళ్ళు దొరికాయని ఇళ్ళకు ఉత్తరాలు వెళ్ళాయి. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఒకటి రిచర్డ్ ఐకార్డ్ ఆధ్వర్యంలో విచారణ చేసింది. ఏం తేలింది? రైఫిలును ఒక రకం మందుతో పరీక్షించారు, తరువాత తూటాలో ఇంకో రకం మందు నింపారు. అది మసి ఎక్కువ చేసింది, యంత్రం వేగాన్ని పెంచింది. గొట్టంలో తుప్పు పట్టకుండా క్రోమియం పూత వేయలేదు. పైగా దీనికి శుభ్రం చేసే పనే లేదని చెప్పి, తుడిచే సామాను కూడా ఇవ్వలేదు. అంటే అక్కడ తూటా తప్పు వుంది, కానీ గుండు లావులో కాదు, మందులో. నేను మొదట చెప్పిన నాలుగు భాగాలు ఇప్పుడు ఎందుకు పనికొస్తాయో చూశారా?

ఇంకో మాట మన ఊళ్ళలో బాగా ప్రచారంలో వుంది. 5.56 గుండు చంపడానికి కాదు, గాయపరచడానికే చేశారని, ఒకడు గాయపడితే వాణ్ణి మోయడానికి ఇద్దరు కావాలి కాబట్టి శత్రువులు ముగ్గురు తగ్గుతారని. సైన్యంలో పనిచేసినవాళ్ళే ఇది చెబుతారు. వినడానికి తెలివిగా వుంది. కానీ ఆ తూటా పుట్టుకకు కారణం ఇది కాదు. బరువు తగ్గించడం, గురి తగిలే అవకాశం పెంచడం, ఇవే కారణాలు. ఆ గుండు దగ్గర దూరంలో ఒంట్లో పల్టీకొట్టి చాలా లోతైన గాయమే చేస్తుంది. దూరం పెరిగి వేగం పడిపోయినప్పుడు, లేదా పల్టీకొట్టకముందే అవతలికి వెళ్ళిపోయినప్పుడు మాత్రం సూదిలా దూరిపోతుంది. చిత్రాల్‌లో సైనికుడు చూసింది ఇట్లాంటిదే, సోమాలియాలో, అఫ్ఘనిస్తాన్‌లో అమెరికా సైనికులు చెప్పిందీ ఇదే. ఈ ఫిర్యాదు రైఫిలుది కాదు, నిజంగా గుండుదే. ఎదుటివాడు ఒక గుండుకు ఆగకపోతే కాల్చినవాడి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి దీన్ని కొట్టిపారేయకూడదు.

మన సైన్యం ఏం చేసింది? మళ్ళీ పెద్ద గుండు వైపు తిరిగింది. 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్ 716 రైఫిళ్ళకు ఒప్పందం కుదిరింది. 2021 డిసెంబరులో ఆరు లక్షల పైచిలుకు ఏకే-203 రైఫిళ్ళు ఉత్తరప్రదేశ్ అమేఠీ దగ్గర కోర్వాలో తయారుచేయడానికి రష్యాతో ఒప్పందం అయింది. రెండూ 7.62 రైఫిళ్ళే అని పత్రికలు రాశాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. 7.62 అనేది గొట్టం వెడల్పు మాత్రమే. దాని తరువాత ఇంకో అంకె వుంటుంది, అది ఇత్తడి గొట్టం పొడవు. సిగ్ రైఫిలుది 7.62 బై 51, అంటే పాత ఎస్.ఎల్.ఆర్. తూటాయే. ఏకేది 7.62 బై 39. గొట్టం పొట్టిది, మందు తక్కువ. గుండు ఎనిమిది గ్రాముల లోపు, వేగం సెకనుకు 715 మీటర్లు, శక్తి రెండు వేల జౌళ్ళ దగ్గర. అంటే ఎస్.ఎల్.ఆర్. కంటే బాగా తక్కువ, ఇన్సాస్ కంటే కొంచెం ఎక్కువ. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టదు. ఒక ప్లాటూనులో మూడు రకాల రైఫిళ్ళుంటే మూడు రకాల తూటాలు కొండమీదికి మోయాలి. ఎవరికి ఏది అందలేదో రాత్రిపూట వెతుక్కోవాలి. కాల్చేవాళ్ళ సంగతి సరే, మోసేవాళ్ళ మాట ఎవరు అడుగుతారు?

సన్న గుండును లోకానికి పరిచయంచేసిన అమెరికాయే 2022 ఏప్రిల్‌లో దాన్ని పక్కనపెట్టి 6.8 బై 51 అనే కొత్త తూటాను ఎంచుకుంది. ఇప్పుడు శత్రువు రక్షణ కవచాలు వేసుకుంటున్నాడు, వాటిని దూరంనుంచి ఛేదించాలంటే ఎక్కువ శక్తి కావాలి అన్నది కారణం. ఈ తూటాలో మందు ఒత్తిడి చాలా ఎక్కువ. దాన్ని తట్టుకోవడానికి ఇత్తడి గొట్టం అడుగుభాగాన్ని ఉక్కుతో చేశారు. గుండు బలం గురించి అక్కడి సైనికులకు పెద్దగా ఫిర్యాదు లేదు. వాళ్ళ ఫిర్యాదు ఇప్పుడు అటువైపునుంచి వస్తోంది. రైఫిలు బరువు, తన్ను ఎక్కువ, మ్యాగజీనులో ముప్ఫయికి బదులు ఇరవయ్యే పడుతున్నాయి. పాత రైఫిలుతో ఏడు మ్యాగజీన్లలో 210 తూటాలు వెంట తీసుకెళ్ళిన సైనికుడు, కొత్తదానితో అదే ఏడు మ్యాగజీన్లలో 140 తీసుకెళుతున్నాడు. పోరు సాగే కొద్దీ ఆ డెబ్భై తూటాల కొరత ఏమవుతుందోనని అక్కడ వాదన నడుస్తోంది.